ఆరో మంచం మీది ఎర్రదీపం

ఆ ఆసుపత్రిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. జీతాల పుస్తకంలో ఏదో పేరు ఉండే ఉంటుంది. పెద్ద డాక్టరుగారి దగ్గర్నుంచి వరండా ఊడ్చే ఆయమ్మ దాకా అందరికీ ఆయన దీపాలాయనే. ఫ్యాను ఆగినా, నీళ్ళ మోటారు మొరాయించినా, ఎక్స్‌రే గదిలో స్విచ్చి చిటపటలాడినా "దీపాలాయన్ని కేకెయ్యండి" అనేవాళ్ళు. మెట్ల కింద ఆయనకో చిన్న గది ఉండేది. ఒక బల్ల, ఒక మీటరు, టంకం కడ్డీ, పాత బిస్కెట్ డబ్బాల నిండా చిన్నచిన్న సామాన్లు. టంకం కడ్డీ వేడెక్కేదాకా కళ్ళు మూసుకుని, "దేవుడా, నా చేతికి తోడుండు" అనుకునేవాడు. ఇరవై రెండేళ్ళుగా అదే మాట. అంతకంటే పెద్ద ప్రార్థన ఆయనకి రాదు.

ఆడవాళ్ళ విభాగంలో పొడుగాటి వరండా, దాని వెంట ఏడు గదులు, గదికి రెండేసి మంచాలు. సిస్టరు బల్ల వరండా చివర. మొదట్లో రోగులు సిస్టర్ని పిలవాలంటే చెంచాతో గ్లాసు మీద కొట్టేవాళ్ళు. ఓపిక ఉన్నవాళ్ళు గట్టిగా కొట్టేవాళ్ళు, లేనివాళ్ళు ఊరుకునేవాళ్ళు. ఒకసారి ఆయన ఫ్యాను బాగుచెయ్యడానికి ఒక గదిలోకి వెళితే, మంచం మీద ముసలమ్మ నేల వైపు చూస్తూ పడుకుని ఉంది. చెంచా జారి మంచం కిందకి పోయిందట. పొద్దున్నించి గుక్కెడు నీళ్ళకి అలాగే ఉంది. ఆయన ముందు నీళ్ళు పట్టి, తర్వాత చెంచా తీసిచ్చి, ఆ తర్వాత ఫ్యాను సంగతి చూశాడు. ఆ చెంచా మాత్రం ఆయన మనసులోంచి పోలేదు.

ఆరు నెలలపాటు మధ్యాహ్నం తిండి వేళ సగం మిగుల్చుకుని, పద్నాలుగు మంచాలకీ పద్నాలుగు బోర్డులు తయారుచేశాడు. మంచం పక్కన ఒక బొత్తాం. ఒక్కసారి నొక్కితే చాలు, వేలు అక్కడే పెట్టి ఉంచక్కర్లేదు. లోపలున్న చిప్పు ఆ నొక్కుని గుర్తుపెట్టుకుంటుంది. సిస్టరు వచ్చి పక్క బొత్తాం నొక్కి ఆపేదాకా మరిచిపోదు. చిప్పు కాలు ఒక్కదాన్నుంచి వెళ్ళిన కబురు నాలుగు చోట్లకి చేరాలి: మంచం తలవైపు ఎర్రదీపం, గది గుమ్మం మీద దీపం, సిస్టరు బల్ల మీద దీపం, దాని పక్కన బజరు. చిప్పుకి ఈ నాలుగింటినీ మోసే సత్తువ లేదు. అది చెవిలో మాట చెప్పగలదంతే. అందుకని ఒక్కోదానికీ ఒక్కో ట్రాన్సిస్టరు పెట్టాడు. చిప్పు చెబుతుంది, ట్రాన్సిస్టర్లు మోస్తాయి.

ఇక్కడే ఒక చిన్న సంగతి. చిప్పుకీ ప్రతి ట్రాన్సిస్టరుకీ మధ్య దేనికి దానికి ఒక రెసిస్టరు ఉండాలి. కందిగింజంత ఉంటుంది. ఎవరికెంత అందాలో కొలిచి వదిలే కుళాయి లాంటిది. నాలుగు ట్రాన్సిస్టర్లకి నాలుగు కావాలి. ఆయన నాలుగింటినీ కలిపి ముడేసి, వాటి ముందు ఒక్కటే పెట్టాడు. బోర్డు చిన్నది, చేతిపని ఎక్కువ. పెట్టి చూస్తే మూడు దీపాలూ చక్కగా వెలిగాయి, బజరూ మోగింది. ఒకే పెట్టెలోంచి తీసిన ఒకే ఈడు ట్రాన్సిస్టర్లవి, ఉన్నది తలా కాస్త పంచుకుని బుద్ధిగా పనిచేశాయి. మూడేళ్ళు ఒక్క ఫిర్యాదు రాలేదు. వరండాలో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

నాలుగో ఏడు ఆయన భార్యకి గుండె నీరసించి, కాళ్ళు వాచి, ఆ వరండాలోనే ఆరో మంచం మీదకి వచ్చింది. వచ్చిన రోజే బొత్తాం నొక్కింది. కళ్ళద్దాల సిస్టరు పరుగున వచ్చింది.

"ఏం పిన్నీ, ఏం కావాలి?"

"ఏమీ వద్దు తల్లీ. మా ఆయన చేశారుగా, వెలుగుతుందో లేదోనని చూశా."

సిస్టరు నవ్వి, దిండు సర్ది, దీపం ఆపి వెళ్ళింది. ఆ తర్వాత రోజుకి నాలుగైదుసార్లు ఇదే వరస. సిస్టరు ఒక్కసారి కూడా మొహం ముడవలేదు. "పిన్నీ, నీ మొగుడి దీపం చూసి చూసి నా కళ్ళద్దాలు అరిగిపోతున్నాయి" అనేది. దీపాలాయన్ని మాత్రం వరండాలో పట్టుకుని, "బాబాయ్, మీకు ఇంట్లో ఇంత పేరుందని మాకు తెలీదు" అని ఆటపట్టించేది. ఆయన సిగ్గుపడి నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. అవతల మలుపు తిరిగాక నవ్వుకునేవాడు.

ఒకనాడు ఆ మంచం తలవైపు దీపం వెలగడం మానేసింది. విప్పి చూస్తే దాని ట్రాన్సిస్టరు పోయింది. డబ్బాలో అలాంటిది ఇంకొకటి లేదు, స్టోరువాళ్ళు తెప్పించడానికి వారం పడుతుందన్నారు.

"గుమ్మం మీదా బల్ల మీదా వెలుగుతున్నాయిలే, నీకేం ఇబ్బంది లేదు" అన్నాడు.

"నా నెత్తి మీద వెలగకపోతే పిలిచానో లేదో నాకెలా తెలుస్తుందండీ?" అంది ఆవిడ.

ఆ మాట నిజమేననిపించింది. ఇంటికి వెళ్ళి అటక మీంచి పాత రేడియో దించాడు. పెళ్ళైన ఏడాది కొన్నది. పదేళ్ళుగా మూగగా పడి ఉంది. దాన్లోంచి రేకుటోపీ పెట్టుకున్నట్టుండే ఒక ట్రాన్సిస్టరు ఊడదీసి తెచ్చి, ఆరో మంచం బోర్డులో పెట్టాడు. ఆవిడ బొత్తాం నొక్కింది. ఎర్రదీపం మునుపటికంటే జోరుగా వెలిగింది.

ఆయన లేచాడు.

"మళ్ళీ ఎక్కడికి?"

"గుమ్మం మీదా, బల్ల దగ్గరా కూడా చూసొస్తా. ఒక్క నిమిషం."

"వెలిగిందిగా! కూర్చోండి. పొద్దున లేస్తే నిచ్చెనలు మొయ్యడమేగా. కాసేపు నా దగ్గర కూర్చుంటే మీ సొమ్మేం పోయింది?"

ఆయన మంచం పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. దీపం ఆపి, ఆవిడ వాచిన పాదాలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రేడియో ముక్క తెచ్చి నా నెత్తిన పెట్టారు. పాటలు పాడుతుందా?"

"పాడిందంటే సిస్టరు ఇద్దర్నీ బయటికి పంపేస్తుంది."

ఆవిడ నవ్వింది. నవ్వుకి ఆయాసం వచ్చింది. ఆయాసంలోనే మళ్ళీ నవ్వింది. కూతురు వచ్చేదాకా ఆయన అక్కడే ఉన్నాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, బస్సు స్టాండులో టికెట్ల కిటికీ దగ్గర పనిచేస్తుంది. ఆ రాత్రి తల్లి దగ్గర అదే పడుకుంది, కాబట్టి బొత్తాంతో అవసరం పడలేదు.

మర్నాడు మధ్యాహ్నం కూతురు పనికి వెళ్ళింది. దీపాలాయన నీళ్ళ మోటారు దగ్గర ఉన్నాడు. పక్క మంచం ఖాళీ. నాలుగింటికి డాక్టరు చూడ్డానికి వెళ్ళేసరికి ఆవిడ లేదు. ప్రాణం పోయి గంట దాటిందన్నారు. చెయ్యి బొత్తాం మీదే ఉంది. తల పైన ఎర్రదీపం వెలుగుతోంది.

చేతులకి మోటారు గ్రీజుతోనే ఆయన వచ్చాడు. ముందు భార్య మొహం చూశాడు, తర్వాత దీపం చూశాడు. ఇరవై రెండేళ్ళలో ఎవరి మీదా గొంతు లేపని మనిషి, వరండా దద్దరిల్లేలా అరిచాడు. "పిలిచిందమ్మా! నా భార్య పిలిచింది! పది అడుగుల్లో కూర్చుని నువ్వేం చేస్తున్నావు?"

కళ్ళద్దాల సిస్టరు రెండు చేతులూ జోడించింది. "బాబాయ్, గుమ్మం మీద దీపం లేదు. బజరు మోగలేదు. దేవుడి తోడు."

"మరి ఇది దానంతటది వెలిగిందా?" అంది అప్పుడే వచ్చిన కూతురు.

గుమ్మం మీద దీపం వెలుగుతోందా లేదా అని ఇంకెవరూ పరీక్షించలేదు. పరీక్షించాల్సిన మనిషి ఆయనే. ఆయన కాగితం అడిగి తీసుకుని మూడు ముక్కలు రాసిచ్చాడు: "నా భార్య పిలిచింది. దీపం వెలిగే ఉంది. సిస్టరు రాలేదు." ఆ కాగితం మీద సిస్టర్ని పాత రికార్డుల గదికి మార్చారు. పన్నెండో రోజున పెద్ద డాక్టరుగారి దగ్గర విచారణ అన్నారు. ఉద్యోగం నిలవడం కష్టమేనని ఆయమ్మలు చెవులు కొరుక్కున్నారు.

ఆయన ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రోజూ ఎవరో ఒకరు తలుపు దగ్గర అన్నం గిన్నె పెట్టి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళేవాళ్ళు. ఎవరని ఆయన అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. పదో రోజున లేచి, గడ్డం గీసుకుని పనిలోకి వెళ్ళాడు.

వరండాలో అడుగు పెట్టగానే వినిపించింది. టంగ్, టంగ్, టంగ్. గ్లాసు మీద చెంచా.

ఆరో మంచం మీద కొత్త మనిషి. బట్టలు కుట్టి బతికే ముసలమ్మ, ముందు రోజు చేరిందట.

"బొత్తాం ఉందిగా అమ్మా?" అన్నాడు.

"నొక్కానయ్యా. అదిగో చూడు, ఎర్రగా వెలుగుతోంది. నిన్నా వెలిగింది. వెలుగుతుంది గానీ ఎవరూ రారు. అందుకే చెంచా పట్టుకున్నా."

ఆయన తలెత్తి చూశాడు. వెలుగుతోంది. వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాటి పైకి చూశాడు. గుమ్మం మీద చీకటి. వరండా చివరికి వెళ్ళాడు. బల్ల మీద ఆరో నంబరు దీపం లేదు, బజరు లేదు. కొత్త సిస్టరు తలొంచుకుని మందుల పట్టీ రాసుకుంటోంది.

ముసలమ్మకి మంచినీళ్ళిచ్చి, ఆ బోర్డు విప్పి మెట్ల కింద గదికి తెచ్చుకున్నాడు. ఆ రోజు "దేవుడా" అనడానికి నోరు రాలేదు. మీటరు తీగ మొన నాలుగు ట్రాన్సిస్టర్ల ముడి మీద పెట్టాడు. పావు వోల్టు. మిగతా మూడూ మేలుకోవాలంటే అర వోల్టు దాటి ఇంకాస్త ఉండాలి. రేకుటోపీది పాతకాలం సరుకు, జెర్మేనియంతో చేసింది, పావు వోల్టుకే మేలుకుంటుంది. చిప్పు పంపినదంతా అదే తాగేసింది. ఒకే గొట్టానికి నాలుగిళ్ళు కలిపి, అందులో ఒక ఇల్లు గోతిలో ఉంటే మిగతా మూడిళ్ళ కుళాయిల్లో చుక్క రాదే, అలాగ. దేని రెసిస్టరు దానికి ఉండి ఉంటే, అది ఎంత తాగినా మిగతావాటి వాటా వాటికి చేరేది. ఆయన ముడేశాడు. పైగా ట్రాన్సిస్టరు మార్చిన రోజున గుమ్మం దాకా వెళ్ళి చూడలేదు.

దానికంటే పెద్ద బాధ ఇంకొకటి మెల్లిగా వచ్చింది. ఆవిడకి ఆయాసం వచ్చినప్పుడు నొక్కి ఉంటుంది. నెత్తి మీద ఎర్రగా వెలిగి ఉంటుంది. పిలుపు చేరిందనుకుని ఉంటుంది. అందుకే ఇంకోసారి కేకెయ్యలేదు, చెంచా అందుకోలేదు. మా ఆయన చేసింది కదా, వస్తారు, ఇదిగో వచ్చేస్తారు అని గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయి ఉంటుంది. సాయంత్రం దాకా ఆయన ఆ గదిలోంచి బయటికి రాలేదు.

ఇంటికి వచ్చి కూతురితో చెప్పాడు. అది చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసింది.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"నాకే."

"అయితే ఊరుకో నాన్నా."

"సిస్టరు ఉద్యోగం పోతుందే."

"పోతే ఇంకోటి చూసుకుంటుంది. నువ్వు రెండేళ్ళలో దిగిపోయే మనిషివి. నువ్వే అమ్మని... అని నలుగురూ అనుకోవాలా? నేను అనుకోవాలా?" అని ఏడుపు ముంచుకొచ్చి, "ఆ సిస్టరు లోపలికి ఒకసారి తొంగిచూడొచ్చుగా! దీపం లేకపోతే మనిషి లేనట్టేనా?" అంది.

"చూడొచ్చు. కానీ చూడక్కర్లేకుండా చేస్తానని దీపాలు పెట్టింది నేనే."

కూతురు చెయ్యి కడుక్కుని లేచిపోయింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అయినా పొద్దున్నే ఆయన చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టింది.

విచారణ రోజున పెద్ద డాక్టరుగారి బల్ల మీద ఆయన ఆ బోర్డు పెట్టాడు. సిస్టరు గోడ వారగా నిలబడి ఉంది. పన్నెండు రోజుల్లో సగమైంది మనిషి.

"ఇదేమిటి?" అన్నాడు డాక్టరు.

"నా తప్పండి."

"నాకు అర్థమయ్యేలా చెప్పు."

కుళాయిల మాట చెప్పాడు. గోతిలో ఇంటి మాట చెప్పాడు. తడబడుతూ చెప్పాడు, మధ్యలో రెండుసార్లు ఆగాడు. రేడియో సంగతి కూడా చెప్పాడు. డాక్టరు గ్లాసులో నీళ్ళు పోసి ఆయన వైపు జరిపాడు.

"ఇది నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేదా?"

"తెలిసేది కాదండీ."

డాక్టరు బోర్డుని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "ఆ పూట మేం వెళ్ళినా ఏం చెయ్యగలిగేవాళ్ళమో నేను చెప్పలేను. గుండె బాగా దెబ్బతిని ఉంది. బతికేదని చెప్పలేను, బతకదనీ చెప్పలేను" అన్నాడు. తర్వాత పాత కాగితం తీసి ఆయన ముందు పెట్టాడు. "రాసివ్వు."

తన మూడు ముక్కల కింద ఆయన ఇంకో మూడు రాశాడు: "నా భార్య పిలిచింది. దీపం చేసింది నేనే. పిలుపు సిస్టరుకి చేరలేదు."

ఆయనకి ఒక మెమో ఇచ్చారు. ఇక మీదట ఏ బోర్డు పెట్టినా రెండో మనిషి చూసి సంతకం పెట్టాలన్నారు. సిస్టర్ని తిరిగి వరండాకి పంపారు.

బయటికి వచ్చాక ఆయన చేతులు జోడించబోయాడు. సిస్టరు ఆ చేతులు పట్టుకుని కిందకి దించేసింది.

"తల్లీ, నీ మొహం చూసే అర్హత నాకు లేదు."

"అలా అనకండి బాబాయ్. ఆ పూట పిన్ని ఒక్కసారి కూడా నొక్కలేదేమిటా అని నాకు అనిపించింది. రోజూ ఊరికే నొక్కే మనిషి కదా. నిద్రపోయిందేమోలే, లేపడం ఎందుకని వెళ్ళలేదు." కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "అన్నిసార్లు ఆవిడ ఊరికే పిలిస్తే వెళ్ళాను. ఆ ఒక్కసారీ నేనే ఊరికే వెళ్ళాల్సింది."

ఆయమ్మ ఊడుస్తూ వచ్చి, వాళ్ళని కదపకుండా చుట్టూ ఊడ్చుకుని వెళ్ళింది.

ఆదివారం ఆయన పద్నాలుగు బోర్డులకీ కావలసిన రెసిస్టర్లు ఇంటికి తెచ్చుకుని, గచ్చు మీద కాగితం పరిచి కూర్చున్నాడు. యాభై ఆరు. కూతురు వంటింట్లోంచి వచ్చి, చాలాసేపు గుమ్మానికి ఆనుకుని చూసింది. తర్వాత వచ్చి ఎదురుగా కూర్చుని కటింగ్ ప్లేయరు అందుకుంది.

"ఎంత పొడుగు ఉంచాలి?"

"వేలు గోరంత."

"ఇంత చిన్నదా నాన్నా?"

"ఇంతే."

అది ఒక్కోదాని కాళ్ళూ కత్తిరించి వరసలో పెట్టింది. నాలుగు, పక్కన నాలుగు, పక్కన నాలుగు. కన్నీళ్ళు కారుతుంటే మోచేత్తో తుడుచుకుంది గానీ పని ఆపలేదు.

వారం రోజుల్లో బోర్డులన్నీ మార్చాడు. ఒక్కో మంచం దగ్గర ఆయన నొక్కడం, గుమ్మం దగ్గర్నుంచి ఆయమ్మ "వెలిగింది!" అనడం, వరండా చివర్నుంచి సిస్టరు "రెండూ వచ్చాయి బాబాయ్!" అనడం. ఆయమ్మకి ఈ పని తెగ నచ్చేసింది. వెలగకముందే వెలిగిందని అరిచి ఒకసారి చివాట్లు తింది.

ఆరో మంచాన్ని చివరికి ఉంచుకున్నాడు. స్టోరు నుంచి కొత్త ట్రాన్సిస్టర్లు వచ్చాయి, డబ్బా నిండా ఉన్నాయి. రేకుటోపీది అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తప్పు దానిది కాదు. దానికీ ఒక రెసిస్టరు ఇస్తే, దాని వాటా అది తీసుకుంటుంది, ఇంకొకరిది లాక్కోదు. కడ్డీ వేడెక్కేదాకా కళ్ళు మూసుకున్నాడు. ఈసారి మాట వచ్చింది. దాన్ని మళ్ళీ దాని చోటే పెట్టి టంకం వేశాడు. మీటరు పెట్టి నాలుగింటి దగ్గరా వేర్వేరుగా కొలిచాడు. ఒక దగ్గర పావు, మూడు చోట్ల అరకి పైన. ఎవరిది వారికి అందింది.

ఆ వేళకి ఆయమ్మ అన్నానికి వెళ్ళింది. సిస్టరు ఎవరికో సూది వేస్తోంది. బట్టలు కుట్టే ముసలమ్మ బొత్తాం నొక్కింది. తల పైన ఎర్రదీపం వెలిగింది.

"వెలిగింది బాబూ" అంది ముసలమ్మ. "పొద్దున్నించి నిలబడే ఉన్నావు. కాసేపు ఇలా కూర్చో."

ఆయన స్టూలు వైపు చూశాడు. అదే స్టూలు. మంచం అంచు మీద చెయ్యి ఆన్చాడు.

"కూర్చుంటానమ్మా" అన్నాడు. "ఒక్క నిమిషం. బయట చూసొస్తా."

గుమ్మం దాటి తలెత్తాడు. దీపం ఉంది. వరండా చివర బజరు మోగుతోంది. అటు నుంచి సిస్టరు సూది ట్రే అలాగే పట్టుకుని వడివడిగా వస్తోంది. ఆవిడ దగ్గరికి వచ్చేదాకా ఆయన ఆ దీపం కిందే, మొహం పైకెత్తి నిలబడి ఉన్నాడు.